వినువారి కొఱత

ఇంద్రేశము పటాన్‌చెరు మండలమునందలి యొక ఊరు. ఒక తరము క్రిందట ఇచ్చటి జనులకు ప్రొద్దు పొడుచుటయు, ప్రొద్దు గ్రుంకుటయు, నాట్లును, కోతలును, పశువులు ఇల్లు చేరు వేళయు దినచర్యను నిర్ణయించుచుండెను. ఇప్పుడు పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము మొదలగు తావులలోని కర్మాగారముల షిఫ్టులు ఆ పని చేయుచున్నవి. తండ్రి రాత్రి పని ముగించుకొని ఇల్లు చేరునప్పటికి బిడ్డ పుస్తకముల సంచి తగిలించుకొని బడికి బయలుదేరును. బిడ్డ సాయంకాలము తిరిగి వచ్చునప్పటికి తండ్రి నిదుర లేచి మరల పనికి సిద్ధమగును. తల్లియు ఏదేనొక కంపెనీలో ప్యాకింగు పనికి పోవునదియైనచో, ఇంటివారందఱును ఒక్కచోట కూర్చుండి భుజించు పూట వారమునకు ఒకటి దొరకుటయు కష్టమే. పొలములు ప్లాట్లయినవి. రచ్చకట్ట మీద ప్రొద్దుపోవు వఱకు కూర్చుండి మాటలాడుకొనిన వారి మనుమలు నేడు కిరాయి గదుల మెట్లపై కూర్చుండి సెల్‌ఫోను చూచుకొనుచున్నారు.

ఈ కర్మాగారములలో పని చేయుటకు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశము మొదలగు రాష్ట్రములనుండి వచ్చినవారును అనేకులు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున వసించుచు, తమ భాష తెలిసిన పొరుగువారు లేక, పండుగనాడు ఫోనులో మాత్రము తల్లి గొంతు వినుచు కాలము గడపుచున్నారు. జీతము వచ్చినది, ఇల్లు లేచినది, బిడ్డకు బడి దొరికినది. ఈ లాభములను మేము కాదనము. కాని యీ మార్పులో ఎవరును లెక్కవేయని నష్టమొకటి కలదు. మనిషి తన మనసులోని మాట చెప్పుకొను వేళయు, చోటును పోయినవి.

మేము మాటల మూలమున మనసునకు చికిత్స చేయు వృత్తిలోనివారము. మాయొద్ద చెప్పుకొనినవారి కథ యొక్కటియైనను ఇచ్చట వ్రాయము. ప్రాణాపాయము కలిగినప్పుడు తప్ప, విన్నదానిని దాచుట ఈ వృత్తికి తొలి నియమము. అయినను అనేకులయందు సామాన్యముగా కనబడు సంగతులను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును తెలుపుట మా విధి యని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మనోబాధతో వచ్చువారిలో పెక్కుమంది మొదట మనసు మాట ఎత్తరు. తలనొప్పి యందురు, గుండె దడ యందురు, రాత్రి నిదుర పట్టదందురు, నరముల బలహీనత యందురు. అంతకు మునుపే ఊరిలోని ఆర్.ఎం.పి. వైద్యునియొద్ద రెండు మాఱులు సెలైను ఎక్కించుకొని యుందురు. వారు అబద్ధమాడుటలేదు. మనసు మోయలేని బరువును దేహము మోయును. ఆ నొప్పి నిజమైన నొప్పియే. అట్టివారిని ఇంగ్లీషు పేర్లతో ప్రశ్నించినచో తల అడ్డముగా ఊపుదురు. "ఏమైన రంది పెట్టుకొన్నావా?" అని అడిగినచో కన్నులు చెమర్చును.

మన తెలంగాణపు పలుకుబడిలో ఈ బాధలకు ఎంత చక్కని పేర్లు కలవో చూడుడు. విడువక తొలుచు చింత రంది. పోయినవారిని తలంచుకొని లోలోపల కృశింపజేయు దుఃఖము మనాది. కారణము తోచకయే గుండెను పట్టుకొను భయము బుగులు. ఇన్ని పేర్లు పెట్టిన మన పెద్దలు ఈ బాధలను ఎఱుగనివారు కారు. "మనాది పెట్టుకొని చిక్కిపోయినాడు" అని వారు చెప్పినప్పుడు, మనోవ్యాధి దేహమును తినివేయునను సత్యమును మనకంటె ముందుగనే గుర్తించి యుండిరి. కాబట్టి మనోవ్యాధి యనునది పట్టణములవారి విలాసమనియు, పడమటి దేశములనుండి దిగిన క్రొత్త మాట యనియు పలుకుట సరికాదు.

మా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదము. మన ప్రాంతమున సలహా చెప్పువారు కావలసినంత మంది కలరు, వినువారే కొఱత. ఒకడు తన బాధ చెప్ప మొదలుపెట్టి రెండు వాక్యములు ముగింపకమునుపే ఎదుటివాడు అందుకొనును. "ధైర్యము తెచ్చుకో" యనును; "నీకంటె కష్టపడువారు లేరా?" యనును; "మా కాలమున ఇట్టివి ఎఱుగము" అనును. చెప్పవచ్చినవాడు నోరు మూసికొనును. ఈ పలుకులు పలుకువారు దుర్మార్గులు కారు. ఎదుటివాని కన్నీరు చూడలేనివారు. తమ కలత తీఱుటకై వాని మాటను త్వరగా ముగింపజూతురు. మాటల చికిత్సలో మొదటి పాఠము ఈ తొందరను అణచుకొనుటయే.

ఈ చికిత్సకు పేరు వచ్చిన విధము తెలిసికొనదగినది. ఆస్ట్రియా దేశమునందలి వియన్నా నగరమున జోసెఫ్ బ్రాయరను వైద్యుడు 1880 మొదలు 1882 వఱకు బెర్తా పాపెన్‌హైము అను యువతికి చికిత్స చేసెను. ఆమె జబ్బుపడిన తండ్రికి రాత్రులు మేలుకొని పరిచర్య చేసి, తుదకు తానే వ్యాధిపాలయ్యెను. తన లోపలి సంగతులను వివరముగా చెప్పుకొనిన దినమున బాధ కొంత తగ్గుచుండుట గమనించి, ఆమెయే దానికి "మాటల చికిత్స" యని ఇంగ్లీషున పేరు పెట్టెను. ఆ పేరు వైద్యుడు పెట్టినది కాదు, రోగి పెట్టినది. ఆ చికిత్సతోనే ఆమె వ్యాధి తీఱిపోలేదు. పిదపను కొంతకాలము ఆసుపత్రులలో గడపవలసివచ్చెను. కాని తరువాత కోలుకొని, జర్మనీలో దిక్కులేని బాలికల సేవకు జీవితము ధారవోసి, 1904లో యూదు స్త్రీల సంఘమును స్థాపించెను. బ్రాయరును, సిగ్మండ్ ఫ్రాయిడును కలిసి 1895లో ఈ విషయములపై గ్రంథము ప్రకటించిరి. మన దేశమున గిరీంద్రశేఖర బోసు 1922లో కలకత్తాయందు మనోవిశ్లేషణ సంఘమును నెలకొల్పెను. ఒక్క చికిత్సతో అంతయు నయమగునని ఆశింపరాదనియు, ఒకప్పుడు పడిపోయినవారు మరల లేచి ఇతరులకు ఆధారము కాగలరనియు పాపెన్‌హైము చరిత్ర మనకు తెలుపుచున్నది.

నేటి మాటల చికిత్స నాటిదానివలె ఏండ్ల తరబడి సాగునది కాదు. అమెరికాలో ఆరన్ బెక్ అను వైద్యుడు 1960 తరువాత రూపొందించిన పద్ధతి ఇప్పుడు లోకమంతట వ్యాపించినది. వారమునకొక మాఱు, ముప్పాతిక గంటయో గంటయో, కొన్ని వారములు కూర్చుండి మాటలాడుదురు. బాధను పెంచునది సంభవించిన సంగతి మాత్రమే కాదు, దానికి మనము చెప్పుకొను అర్థమును కారణమేయని ఈ పద్ధతియొక్క సారము. బాలురకు తెలియునట్లు ఒక ఉదాహరణము చెప్పెదము. ఒక విద్యార్థి బజారులో తన ఉపాధ్యాయునికి నమస్కరించెను. ఆయన చూడక సాగిపోయెను. "నాకు మార్కులు తక్కువ వచ్చినవి గనుక సారు మొగము త్రిప్పుకొనిరి. నేను ఎందుకును పనికిరాను" అని బాలుడు తలంచెను. ఆ రాత్రి అన్నము సహింపలేదు. మఱునాడు బడికి పోలేదు. వానిని "పిచ్చి ఆలోచనలు మానుము" అని కసరినచో ప్రయోజనములేదు. "సారు నిన్ను చూచినట్లు నీకెట్లు తెలిసినది? చూడకపోవుటకు వేఱు కారణమేమైన ఉండవచ్చునా? నీ మిత్రునికే యిట్లు జరిగినచో వానితో నీవేమి చెప్పెదవు?" అని మెల్లగా అడుగవలెను. సమాధానము వాని నోటనే రావలెను. అట్లు తానుగా కనుగొనిన సమాధానము మనసున నిలుచును. ఇతరులు చెప్పినది గడప దాటకమునుపే మఱపునకు వచ్చును.

ఇందు మఱొక భాగమును కలదు. రంది పట్టినవాడు ఒక్కొక్క పనియే మానుకొనును. మొదట ఆట మానును, పిదప స్నేహితులను, తరువాత స్నానమును, భోజనమును మానును. ఉత్సాహము వచ్చిన పిదప పని చేయుదునని మంచముమీద ఎదురుచూచును. మేము చెప్పునది దీనికి తలక్రిందులు. చిన్న పని మొదట చేయుము. ఉత్సాహము వెనుకనుండి వచ్చును. చెఱువు కట్టవఱకు నడచి వచ్చుట, మొక్కకు నీరు పోయుట, ఒక్క మిత్రునికి ఫోను చేయుట, ఇట్టివి దినమునకొకటి వ్రాసికొని చేసిన చాలును. ఇది చూచుటకు స్వల్పముగా తోచినను, పరీక్షించి ఫలము చూచిన పద్ధతియే.

ఇట్టి చికిత్సకు గొప్ప చదువు చదివిన వైద్యులే కావలెనా యని యడుగవచ్చును. మన దేశమున 2015 - 16 సంవత్సరములలో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ పన్నెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదేనొక మనోవ్యాధితో బాధపడుచున్నట్లును, వారిలో ఎక్కువమందికి చికిత్స అందుటలేదనియు తేలినది. వైద్యులు మాత్రమే ఈ కొఱత తీర్చలేరు. గోవాలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో సంగాత్ అను సంస్థ ఒక ప్రయోగము చేసెను. వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ నొసగి, తీవ్రమైన రందితో కూడిన రోగులతో ఆఱు మొదలు ఎనిమిది మాఱులు మాటలాడించిరి. మూడు నెలల పిమ్మట చూడగా వీరిలో నూటికి 64 మంది కోలుకొనిరి. ఈ సాయము లేనివారిలో నూటికి 39 మంది మాత్రమే కోలుకొనిరి. ఈ ఫలితములు లాన్సెట్ అను వైద్యపత్రికలో 2017లో ప్రకటింపబడినవి.

ఆఫ్రికా ఖండమునందలి జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా అను మానసిక వైద్యుడు 2006లో ఇంతకంటె సులభమైన మార్గము కనుగొనెను. హరారే నగరమున ఆరోగ్య కేంద్రముల యావరణలో చెట్టు నీడను ఒక బల్ల వేయించి, దానిమీద శిక్షణ పొందిన అవ్వలను కూర్చుండబెట్టెను. బాధలోనున్నవారు వచ్చి అవ్వ ప్రక్కన కూర్చుండి చెప్పుకొందురు. అచ్చటి షోనా భాషలో రందికి "కుఫుంగిసిసా" యని పేరు. అతిగా ఆలోచించుట యని దాని యర్థము. ఈ పద్ధతి మేలు చేయుచున్నదని 2016లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. చెట్టు, బల్ల, అవ్వ, తీఱిక! మన రచ్చకట్టకు దీనికిని భేదమెంత? ఒక్క భేదము కలదు. రచ్చకట్టమీద విన్నమాట సాయంకాలమునకు ఊరంతయు ప్రాకును. ఆ బల్లమీద విన్నమాట అచ్చటనే యుండును. అవ్వలు నేర్చినది ఆ నిగ్రహమును, కొన్ని ప్రశ్నలను, ఒక క్రమమును.

ఇక మావారు సామాన్యముగా చెప్పు ఆక్షేపణలను విచారింతము. "ఇంటి గుట్టు లంకకు చేటు" అను సామెతను తలిదండ్రులు తఱచు వాడుదురు. "కడుపు చించుకొన్నచో కాళ్ళమీద పడు"నని మఱికొందఱందురు. పరువు కలవారు ఇంటి మాట వీధిలో చెప్పుకొనరాదనుట నిజమే. కాని లంక కథను తుదివఱకు జ్ఞాపకము చేసికొనుడు. విభీషణుడు మొదటనే సముద్రము దాటలేదు. తన మాటను సభలో, అన్నయెదుట, మాఱుమాఱు చెప్పెను. అన్న వినలేదు, పైగా అవమానించెను. అప్పుడు గాని అతడు లంక విడువలేదు. లంకకు చేటు గుట్టు బయలుపడుటవలననే వచ్చినదందుమా, ఇంటిలో వినువాడు లేకపోవుటవలన వచ్చినదందుమా? బిడ్డ మాటను ఇంటిలో విన్నచో, అది వీధిలోని అపాత్రులయొద్దకు పోదు.

"ప్రార్థన చాలదా?" యని మఱికొందఱి ప్రశ్న. ప్రార్థనను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. దానివలన బలము పొందినవారిని ప్రతిదినమును చూచుచున్నాము. కాని పరిశుద్ధ గ్రంథమునే చూడుడు. ఏలీయా ప్రవక్త నిరాశచెంది, బదరీవృక్షము క్రింద కూర్చుండి, చావు కోరుకొనెను. అప్పుడు అతనికి ఉపదేశము రాలేదు. రొట్టెయు, నీరును, నిదురయు వచ్చినవి. అదియు రెండు మాఱులు. తరువాత హోరేబు కొండయొద్ద దేవుడు అతనిని ఒక్క ప్రశ్న అడిగెను. అతడు తన బాధ చెప్పుకొనెను. మరల అదే ప్రశ్న వచ్చెను. అతడు మరల అవే మాటలు చెప్పెను. "ముందే చెప్పితివి గదా" యని ఎవరును విసుగుకొనలేదు. యోబు మిత్రులును ఏడు దినములు నేలమీద కూర్చుండి మౌనముగా తోడున్నంతవఱకు మంచి మిత్రులుగనే యుండిరి. నోరు తెఱచి నేరము మోప మొదలిడినప్పుడే చెడ్డ ఓదార్పుగాండ్రయిరి. భగవద్గీతలోను మొదటి అధ్యాయము అర్జునుని విషాదమునకు విడువబడినది. కృష్ణుని ఉపదేశము రెండవ అధ్యాయమునగాని మొదలుకాలేదు. ఏ మతము వారికైనను వినుట ముందు, చెప్పుట వెనుక.

ఈ మెదకు సీమలోని మిషను చరిత్రయు ఇదే చెప్పుచున్నది. కఱవు కాలమున పాస్నెట్ దొరగారు మెదకునందు ఆకలిగొన్నవారికి పని కల్పించి, కూలియు కూడును ఇచ్చి కట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. ఆకలిగొన్నవానికి ఉపదేశమునకు ముందు కూడును, చేతికి పనియు కావలెనని వారు ఎఱిగియుండిరి. లండనులో చాడ్ వారా అను పాదిరి 1953లో నిరాశచెందిన వారి కొఱకు ఒక టెలిఫోను ఏర్పాటు చేసెను. ఆయనను చూడవచ్చినవారు వరుసలో వేచియుండగా, స్వచ్ఛంద సేవకులు వారికి తేనీరిచ్చి వారి మాటలు వినుచుండిరి. అట్లు వినిపించుకొనిన వారిలో పలువురకు పాదిరిని చూడవలసిన అక్కఱయే లేకపోయెను. ఆ ఏర్పాటు సమరిటన్సు అను సంస్థయై దేశదేశముల వ్యాపించినది. ఇట్టి సేవకై మన దేశమున చెన్నపట్టణమందు 1986లో స్నేహ యను సంస్థయు, హైదరాబాదున రోష్ని యను సంస్థయు ఏర్పడినవి.

ఆక్షేపణలన్నిటిలో బలమైనది వేఱొకటి కలదు. 2025 జూన్ 30న పాశమైలారము పారిశ్రామికవాడలో ఒక మందుల కర్మాగారమున జరిగిన విస్ఫోటమున నలువదిమందికి పైగా కార్మికులు మరణించిరి. కొందఱి దేహములను డి.ఎన్.ఏ. పరీక్షలచేత గాని గుర్తింప వీలుకాలేదు. ఎచ్చటెచ్చటినుండియో వచ్చిన బంధువులు ఆసుపత్రి ద్వారమున దినములు లెక్కించుచు నిలిచిరి. అట్టివారికి మాటల చికిత్స యేమి చేయగలదు? న్యాయముగా రావలసిన పరిహారము, భద్రమైన పనిచోటు, శుభ్రమైన నీరు ఈయవలసినచోట "వచ్చి మాటలాడుడు" అనుట పరిహాసము కాదా?

ఈ ప్రశ్న న్యాయమైనది. మాటల చికిత్స అన్యాయమును ఓర్చుకొమ్మని నేర్పు విద్యయైనచో మేమే దానిని విడిచెదము. ఆపద కలిగినవారికి మొదట కావలసినవి నిజమైన సమాచారము, తిండి, నిలువనీడ, తమవారి దగ్గఱ నుండుట. విపత్తు కలిగిన తొలి దినములలో జరిగినదంతయు చెప్పుమని బలవంతపెట్టరాదని నేటి శాస్త్రము చెప్పుచున్నది. చెప్పదలచినప్పుడు వినుటకు సిద్ధముగా నుండిన చాలును. పరిహారము వచ్చిన తరువాతను రాత్రివేళ శబ్దమైనప్పుడెల్ల ఉలికిపడు మనుష్యుడు మిగులును. మూడవ నెలలో, ఆఱవ నెలలో, పత్రికలు మఱచినప్పుడు, అతనియొద్ద కూర్చుండువారెవరు? న్యాయము కొఱకు గొంతెత్తుటకును మనసునకు కొంత బలము కావలెను. వినిపించుకొనబడినవాడే మాటలాడగలడు. కావున ఈ రెంటికిని వైరములేదు. ఒకటి చూపి మఱొకటి ఎగవేయువారి మాట మాత్రము నమ్మరాదు.

మాటలకు హద్దులును కలవు. చెవిలో లేని మాటలు వినబడువారికి, లేని శత్రువులను చూచువారికి, మితిమీఱిన ఉద్రేకముతో దినముల తరబడి నిదుర లేనివారికి మందులు అవసరము. రెండు వారములకు మించి దిగులు విడువక, నిదురయు ఆకలియు చెడి, చదువుగాని పనిగాని సాగనిచో వైద్యుని చూపవలెను. రక్తహీనతయు, థైరాయిడు దోషమును మనోవ్యాధివలె కనబడవచ్చును గాన దేహపరీక్షయు చేయింపవలెను. మనము నవ్వులాటకు "ఎఱ్ఱగడ్డకు పంపవలె"నందుము. ఎఱ్ఱగడ్డలోని మానసిక వైద్యశాల మన పటాన్‌చెరు నుండి నగరమునకు పోవు పెద్ద బాటమీదనే యున్నది. అందు నయమై ఇల్లు చేరినవారెందఱో కలరు. ఆ పరిహాసపు మాట విని ఎందఱు ఆ గడప త్రొక్కుటకు వెఱచిరో ఎవరు చెప్పగలరు? ఈ ఏటినుండి మన బడిలో ఆ మాట వినబడకుండుట మంచిది. 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, ప్రభుత్వ ఖర్చున మనోవైద్యము పొందుట మన హక్కు.

ఇక మన బడి సంగతి. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమందికి పైగా బాలబాలికలను మనము పోగొట్టుకొంటిమి. 2023లో విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలై 25న సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, 100 మంది విద్యార్థులకు తక్కువ కాని ప్రతి విద్యాసంస్థయు అర్హత గల ఒక కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సాంఘిక సేవకునో నియమింపవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను వేఱువేఱు తరగతులుగా విడదీయరాదనియు మార్గసూచనలు చేసెను. ఇది కాగితముమీద నెఱవేర్చుట సులభము. ఒక గది తలుపుమీద పలక వ్రేలాడదీసి, ఆ గదిలో పాత బెంచీలు పేర్చవచ్చును. అట్లుకాక, వారమునకు నియమితమైన వేళలు, మార్కులు వేయని మనిషి, లోపలి మాట బయటికి వినబడని తలుపు, ఈ మూడును ఉండునట్లు చూడవలెనని పాఠశాలాధికారులను కోరుచున్నాము. ఆ గదిలోనికి పోయిన బాలుని గూర్చి ఉపాధ్యాయుల గదిలో ముచ్చటింపరాదు.

తలిదండ్రులారా, షిఫ్టులు మీ చేతిలో లేవు. కాని దినమునకు పది నిమిషములు మీ చేతిలో కలవు. ఆ పది నిమిషములు ఫోను ప్రక్కన పెట్టి, మార్కుల మాట ఎత్తక, "ఈ దినము ఎట్లు గడిచినది?" అని యడిగి ఊరకుండుడు. బిడ్డ మొదటి దినమున ఏమియు చెప్పడు. నాలుగవ దినమున చెప్పును. చెప్పినప్పుడు తీర్పు చెప్పకుడు. ఒకవేళ చావు మాట వాని నోట వచ్చినచో, అది బెదిరింపనియు నాటకమనియు కొట్టివేయవలదు. "చనిపోవలెనని తోచుచున్నదా?" యని సూటిగా, మెత్తగా అడుగుడు, అడిగినందున ఆ తలంపు పుట్టదు, లోపలనున్న బరువు కొంత దిగును. ఒంటరిగా విడువకుడు, పురుగుల మందును, ఇతరములైన మందులను అందకుండ దాచుడు. 2022 అక్టోబరు 10న ప్రారంభింపబడిన ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్ళు, ఏ ఖర్చును లేక, తెలుగులోను ఇతర భారతీయ భాషలలోను మాటలాడువారు కలరు. ప్రాణాపాయమైనచో 108 కి ఫోను చేయుడు.

బాలబాలికలారా, మీ మిత్రుడు కొన్ని దినములుగా ఆటకు రాక మూలను కూర్చుండినచో, వానిని పరిహసింపక ప్రక్కన కూర్చుండుడు. మీరు వైద్యులు కానక్కఱలేదు. అడుగుట, వినుట, ఒక పెద్దవారియొద్దకు తోడు పోవుట, ఇవి మీరు చేయగలరు. "ఎవరితోను చెప్పవద్దు" అని ఒట్టు పెట్టించుకొనినను, ప్రాణమునకు సంబంధించిన మాటను దాచకుడు. ఆ ఒట్టు తీసి గట్టునబెట్టుట పాపము కాదు, స్నేహధర్మము.

ఈ బడిలో చదివినవారు రేపు ఈ కర్మాగారములలో ఇంజనీర్లగుదురు, నర్సులగుదురు, సూపర్‌వైజర్లగుదురు, తలిదండ్రులగుదురు. వారి క్రింద పనిచేయువాడు ఒక దినమున కన్నులు వాచి పనికి వచ్చినప్పుడు, "ఏమైనది తమ్ముడా, కూర్చుండుము" అని ఒక్క మాట అనగలవారు కావలెను. లెక్కలును, శాస్త్రమును నేర్పుచున్న బడి ఈ యొక్క విద్యను కూడ నేర్పవలెనని మా మనవి. దీనికి క్రొత్త పుస్తకము అక్కఱలేదు. పెద్దలు పిల్లల మాట వినుట మొదలిడినచో పిల్లలు వినుట నేర్చుకొందురు.